వెండిపాత్ర అడుగున నున్న పేరు



నేను కాకుమాను గ్రామమువాడను. ముప్పదియేండ్లకు పైగా ఆ చుట్టుప్రక్కల బడులలో పిల్లలకు పాఠములు చెప్పి, ఇప్పుడు ఇంటిపట్టున నున్నవాడను. వెండిని గూర్చి ప్రసంగించుటకు నేను కంసాలిని కాను, షరాబును కాను. మా యింటిలో ఒక పాత వెండిపాత్ర యుండుటయు, దానిని కరిగింపవలెనని మేము నిశ్చయించుటయు, ఆ నిశ్చయము తప్పిపోవుటయు, ఇంతే నాకుగల అర్హత. ఆ కథను, దాని మూలమున నేను తెలిసికొన్న సంగతులను నేడు మీకు విన్నవింతును.

మా మేనమామ మదరాసులో ఒక కచ్చేరిలో గుమాస్తాగా నుండెను. 1947లో మనకు స్వాతంత్ర్యము వచ్చినప్పుడు, స్వదేశమునకు మరలిపోవు దొరలు పలువురు తమ సామానులను ఏలము వేయించిరి. అట్టి యేలములో ఆయన ఒక చిన్న వెండికూజాను పాడుకొని, మా అమ్మకు కానుకగా తెచ్చి యిచ్చెను. దాని యెత్తు జానెడు కూడ లేదు. సన్నని పాదము, ముందునకు సాగిన మూతి, వెనుక చెవివలె వంగిన పిడి, అంచు చుట్టును ముత్యములు కూర్చినట్లు చిన్న చిన్న బొడిపెలు. దొరల యిండ్లలో తేనీటిలోనికి మీగడపాలు పోసికొనుటకు అట్టి కూజాలను వాడెడివారు. మా యింట అది నేతిజారీ అయినది. పండుగనాడు మా అమ్మ దానితో నేయి వడ్డించుచుండగా, ధార సన్నగా, తెగకుండ, ఒక్క చుక్కయు అంచుమీద జారకుండ పడెడిది. అది నేతికొఱకే పుట్టినదని పిల్లలము మేము నమ్మియుంటిమి.

మా అమ్మ కాలము చేసిన తరువాత మేము ముగ్గురన్నదమ్ములము సామానులు పంచుకొంటిమి. మాకు అక్కచెల్లెండ్రు లేరు. బిందెలు, గంగాళములు, పళ్లెములు తేలికగానే పంపకమైనవి. జారీ ఒక్కటి మిగిలెను. త్రాసులో వేయగా తొమ్మిది తులములు తూగెను. "ఒకరికి ఇస్తే మిగతా ఇద్దరి మనసులో ఉంటుంది. కరిగిస్తే తలా మూడు తులాలు వస్తుంది. మనవరాళ్లకు పట్టీలన్నా అవుతాయి" అని మా అన్నగారనిరి. అది న్యాయమైన మాట. నేనును సరే యంటిని. నేనే దానిని గుడ్డలో చుట్టుకొని మా యూరి ఆచారిగారి కొలిమికి తీసికొనిపోతిని.

ఆచారిగారు గీటురాయిమీద గీసి చూచి, "మేలిమి కాదు పంతులుగారూ. నూటికి తొంభై రెండు, ఆపైన కొద్దిగా ఉంటుంది. రాగి కలిసింది" అనిరి. దొరలుకూడ వెండిలో రాగి కలిపిరా యని నేను ఆశ్చర్యపడితిని. ఆయన మూసను సిద్ధము చేసికొనుచుండగా, అరుగుమీద కూర్చున్న వారి తల్లిగారు చేయి చాచి జారీని అందుకొనిరి. ఆమెకు ఎనుబదియేండ్లు దాటినవి. చూపు మందగించినది. ఆమె దానిని బోర్లించి, అడుగుభాగమును బొటనవ్రేలితో తడవి చూచి, "నాయనా, ఇక్కడ అయిదు గుర్తులున్నాయి. ఎవరివో ఏమిటో తెలుసుకోకుండా నిప్పులో వెయ్యకు" అని కుమారునితో ననిరి. ఆచారిగారు మూసను ప్రక్కన పెట్టిరి. నేను భూతద్దముతో ఆ గుర్తులను చూచి నా పుస్తకములో వ్రాసికొని, జారీని మరల గుడ్డలో చుట్టుకొని యింటికి వచ్చితిని. అన్నగారితో, "పది దినములు గడువు ఇమ్మ"ని చెప్పితిని.

ఆ గుర్తులలో మొదటిది నడచుచున్న సింహము. రెండవది కిరీటము పెట్టిన చిఱుతపులి తల. మూడవది "యస్" అను ఇంగ్లీషు చిన్నక్షరము. నాలుగవది ఒక పురుషుని తల. అయిదవది రెండు వరుసలలో నాలుగక్షరములు: పైన "పీ, బీ", క్రింద "ఏ, బీ".

ఇంగ్లండులో ఈ ముద్రలకు ఏడువందల యేండ్ల చరిత్ర కలదు. 1300 సంవత్సరమున మొదటి ఎడ్వర్డు రాజు ఒక శాసనము చేసెను. నాణెములకు వాడు వెండికంటె తక్కువ వన్నెగల వెండితో ఎవ్వరును వస్తువులు చేయరాదనియు, పరీక్షలో నెగ్గిన వస్తువుపై చిఱుతపులి తల ముద్ర వేయవలెననియు ఆ శాసనము. ఆ వన్నె వేయింటికి తొమ్మిదివందల యిరువదియైదు. తక్కిన డెబ్బదియైదు పాళ్లు సాధారణముగా రాగి. మేలిమి వెండి మిక్కిలి మెత్తనిది. పళ్లెము చేసిన సొట్టపడును, చెంచా చేసిన వంగును. అందుచే గట్టిదనమునకై రాగి కలుపుదురు. మా ఆచారిగారి గీటురాయి చెప్పినది నిజమే; అది మోసము కాదు, శాసనము.

1363లో ప్రతి కంసాలియు తన సొంత ముద్రను వేయవలెనని మఱియొక శాసనము వచ్చెను. 1478 మొదలు లండనులోని కంసాలులు తమ వస్తువులను కంసాలుల సంఘపు భవనమునకు తెచ్చి పరీక్ష చేయించుకొనవలసి వచ్చెను. ఆ భవనమును "హాలు" అందురు. ఆ హాలులో వేయు ముద్ర గనుకనే దానికి హాలుమార్కు అని పేరు. అచ్చటి పరీక్షకులు వస్తువునుండి కొంచెము రజను గీచి తీసి, సీసముతో కలిపి, ఎముకల బూడిదతో చేసిన మూకుడులో పుటము వేసెడివారు. సీసమును, కలిసిన రాగియు మూకుడులోనికి ఇంకిపోగా మేలిమి వెండి మిగులును. దానిని తూచి వన్నె లెక్కకట్టెడివారు. తక్కువైనచో ఆ వస్తువును అచ్చటనే చితుకగొట్టి తిరిగి యిచ్చెడివారు. ఏ సంవత్సరము పరీక్ష జరిగినదో తెలియుటకు ఏటికొక అక్షరము. 1544 మొదలు నడచు సింహము వన్నెకు గుఱుతైనది. 1784లో వెండిమీద పన్ను విధించి, పన్ను చెల్లినదనుటకు రాజుగారి తల ముద్రను చేర్చిరి. అది 1890 వఱకు నడచెను.

ఈ లెక్కప్రకారము మా జారీమీది "యస్" అక్షరము 1793వ సంవత్సరమునకు చెందినది. మన గుంటూరు సర్కారు నిజామునుండి ఇంగ్లీషు కుంపిణీవారి చేతిలోనికి పోయినది 1788లో. దానికి అయిదేండ్ల తరువాత లండనులో ఈ కూజా పుట్టినది. ఎవరి చేతినుండి యను ప్రశ్నకు అయిదవ ముద్రయే సమాధానము. పైయక్షరములు పీటరు బేట్‌మనువి. క్రిందివి ఆన్ బేట్‌మనువి. పీటరు పురుషుడు. ఆన్ అతని తమ్ముని భార్య, విధవరాలు.

ఇది చదివి నేను కొంతసేపు మాటాడక కూర్చుంటిని. మా అమ్మ డెబ్బదియేండ్లు చేతబట్టి వడ్డించిన జారీ అడుగున ఒక స్త్రీ పేరు ఉన్నది. మాలో నెవ్వరమును బోర్లించి చూచియుండలేదు.

ఆన్ కథకు ముందు ఆమె అత్తగారి కథ చెప్పవలెను. ఆమె పేరు హెస్టరు. 1708లో జ్ఞానస్నానము పొందిన బిడ్డ. భర్త జాన్ బేట్‌మను గొలుసులు చేయు పనివాడు. అతడు 1760లో మరణించుచు తన పనిముట్లను భార్యకు వ్రాసియిచ్చెను. అప్పటికామెకు ఏబదియేండ్లు దాటినవి, ఇంటినిండ పిల్లలు. ఆమెకు వ్రాయుట రాదు. సంతకమునకు బదులు గుర్తు పెట్టెడిదని చరిత్రకారులు చెప్పుదురు. అట్టి స్త్రీ 1761లో కంసాలుల హాలునకు పోయి, తన పేరి రెండక్షరములను తన ముద్రగా నమోదు చేయించుకొనెను. తన పేరు వ్రాయనేరని యామె తన పేరును వెండిమీద కొట్టించినది.

మొదట చాలకాలము ఆమె ఇతర వర్తకులకొఱకు చెంచాలు మొదలగు చిన్న వస్తువులు చేయించి యిచ్చుచుండెను. కొన్నిటిమీద ఆ వర్తకులు ఆమె ముద్రపై తమ ముద్ర కొట్టుకొనిరి. తరువాత తన పేరుననే తేనీటి కూజాలు, పళ్లెరములు, ఉప్పుగిన్నెలు, చక్కెర గిన్నెలు చేయింపసాగెను. ఆ కాలమున షెఫీల్డు పట్టణమువారు రాగిరేకునకు వెండిరేకును కాచి అతికించి, చవుకలో వెండివలె కనబడు పాత్రలను అమ్ముచుండిరి. దానికి పోటీగా హెస్టరు కార్ఖానావారు పలుచని వెండిరేకు తీసికొని, అలంకారమును అంచున ముత్యాల వరుసకును సన్నని చెక్కడమునకును పరిమితము చేసి, నడితరగతి కుటుంబములుకూడ కొనగల వస్తువులు చేసిరి. మా జారీ అంచున ఉన్నది ఆ ముత్యాల వరుసయే. 1790లో ఆమె పని విరమించెను. అప్పటికి ఎనుబది దాటినవి. కుమారులు పీటరు, జోనథాను ముద్ర వేసిరి. మఱుసటి యేడు జోనథాను మరణించెను. అతని భార్య ఆన్, అత్తగారి జాడలోనే, బావగారితో కలిసి తన యక్షరములను నమోదు చేయించుకొనెను. 1800లో ఆన్ కుమారుడు విలియము వారితో చేరెను. మా జారీ తయారైన మఱుసటి సంవత్సరమే, 1794లో, హెస్టరు కాలము చేసెను.

ఈ యిద్దఱే కాదు. సైమన్ పాంటిన్ అను కంసాలి కుమార్తె ఎలిజాబెత్తు ఇద్దఱు భర్తలను, ఇద్దఱను కంసాలులనే, పోగొట్టుకొని, 1741లో ఎలిజా గాడ్‌ఫ్రే అను పేరున తన ముద్ర వేసి, ప్రభువులకు పాత్రలు సరఫరా చేసెను. ఫ్రాన్సునుండి మతబాధలకు తాళలేక వచ్చిన కుటుంబమునకు చెందిన లూయిసా కోర్టాల్డు, 1765లో భర్త పోయిన పిమ్మట పదునైదేండ్లు దుకాణము నడపెను. వీరి పనితనమును నేడు వాషింగ్టను నగరములో స్త్రీల కళలకై 1987లో తెఱచిన జాతీయ ప్రదర్శనశాలలో చూడవచ్చును.

వీరందఱును విధవరాండ్రే యగుటకు కారణము కలదు. ఆ కాలపు ఇంగ్లీషు చట్టప్రకారము పెండ్లియైన స్త్రీకి వేఱుగా ఆస్తి లేదు, ఒప్పందము వ్రాసికొను హక్కు లేదు. భర్త బ్రదికియున్నంతవఱకు ఆమె పని భర్త ముద్రక్రిందనే పోవును. భర్త చనిపోయినచో సంఘము ఆమెను ఆ వృత్తి సాగించుకొననిచ్చును. అనగా, ఆమె ముప్పదియేండ్లు చేసిన పనికి పేరు రావలెనన్న భర్త చావవలెను. పెండ్లియైన స్త్రీల ఆస్తిహక్కు చట్టములు ఆ దేశమున 1870లోను 1882లోను గాని రాలేదు.

ఇక్కడ ఇంకొక సంగతి దాచక చెప్పవలెను. ముద్ర హెస్టరుదైనంతమాత్రమున ప్రతి చెంచాను ఆమెయే కొట్టినదని అర్థము కాదు. అది కార్ఖానా యజమాని ముద్ర. వన్నె తగ్గినచో జవాబు చెప్పవలసిన మనిషి ఫలానా యని దాని భావము. సుత్తి పట్టినవారు, అతికినవారు, చెక్కినవారు వేఱువేఱు పనివారు. వారిలో చివరి పని మెఱుగు పెట్టుట. ఉక్కు కడ్డీతోను నునుపైన రాతితోను సబ్బునీరు తడుపుచు పాత్రను గంటలకొలది రుద్దవలెను. లండనులోను షెఫీల్డులోను ఆ పని తఱచుగా స్త్రీల చేతిలో నుండెను. తరువాతి కాలమున షెఫీల్డులో చెంచాలకును ఫోర్కులకును తిరుగుడు చక్రములమీద, నూనెయు ఇసుకయు మీదబడుచుండగా, తలకు గుడ్డలు, ఒంటికి కాగితములు చుట్టుకొని వేలకొలది ఆడుపిల్లలు మెఱుగు పెట్టిరి. వారి యక్షరములు ఏ పాత్రమీదను లేవు. విందులో బల్లమీద మెఱసినది వారి పనియే.

పెద్దలారా, ఇంతవఱకు సీమ సంగతి. మన సంగతి యేమి?

మన తెలుగునాట వెండిపనికి కొదువ లేదు. ఎలగందులలో పుట్టి కరీంనగరమునకు వచ్చిన వెండితీగ పని చూడుడు. వెండిని వెండ్రుకవంటి తీగగా లాగి, మెలిపెట్టి, పూలుగా ఆకులుగా వంచి అతికి, పళ్లెములు, అత్తరుదానులు, పాన్‌దానులు చేయుదురు. దానికి 2007లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఊరికి పేరు వచ్చినది, సంతోషము. బంగారు వెండి వస్తువులకు మన దేశములోను హాలుమార్కు వచ్చినది. బంగారమునకు 2000లోను, వెండికి 2005లోను మొదలై, బంగారు నగలకు 2021నుండి అంచెలుగా నిర్బంధమైనది. కొనువాడు మోసపోకుండుటకు అది మేలు. కాని దానినిబట్టి వన్నె తెలియునేగాని, చేసిన చేయి యెవరిదో తెలియదు.

మన పాత్రలమీద పేర్లు లేవా యందురేమో. ఉన్నవి. మీ యింటి బిందెను, మరచెంబును, వెండిపళ్లెమును తిరుగవేసి చూడుడు. కొన్నవారి పేరుండును, పెండ్లిలో చదివించినవారి పేరుండును, గుడికి సమర్పించినవారి పేరుండును. చేసినవారి పేరు ఏ పాత్రమీదనైన చూచితిరా? నేను చూడలేదు. పురుషునికే ఆ పేరు లేనప్పుడు ఆ యింటి స్త్రీ మాట యెక్కడ? కొలిమి ఊదినది, గొలుసు వలయములను ఒకదానిలో నొకటి కూర్చినది, చింతపండుతోను కుంకుడురసముతోను తోమినది, మెఱుగు పెట్టినది చాల యిండ్లలో ఆమెయే గదా.

గడువు ముగియకముందే నేను మరల ఆచారిగారి యింటికి పోయి, ఈ కథయంతయు ఆ పెద్దామెకు చెప్పితిని. ఆమె శ్రద్ధగా విని, లోనికి పోయి, గుడ్డలో చుట్టిన చిన్న మెఱుగురాయి తెచ్చి నా చేతిలో పెట్టిరి. పట్టిపట్టి ఒకవైపు అఱిగిపోయి, వ్రేలు ఇముడునట్లు గుంట పడియున్నది. "యాభై ఏళ్లు పట్టాను పంతులుగారూ. ఈ చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లికూతుళ్ల కాళ్లపట్టీలన్నీ ఈ రాయి కిందనుంచి పోయినవే. చూసినవాళ్లు ఆచారి పని బాగుందనేవాళ్లు. ఆయన నవ్వి నావైపు చూసేవాడు, అంతే" అనిరి.

అప్పుడు నాకు ఒకటి తోచి సిగ్గు కలిగినది. నేను పుట్టినది మొదలు ఆమెను ఎఱుగుదును. ఆచారిగారి భార్య యనియు, ఆయన పోయిన తరువాత ఆచారిగారి తల్లి యనియు అనుకొనుటయేగాని, ఆమె పేరేమో నాకు తెలియదు. రెండువందల ముప్పది యేండ్లనాటి లండను స్త్రీ పేరును పది దినములు వెదకి పట్టుకొంటిని. నాలుగిండ్ల అవతలనున్న యామె పేరును డెబ్బదియేండ్లలో ఒక్కమారు అడుగలేదు. ఆ మాట పైకే యని, "అమ్మా, మీ పేరేమిటి?" అంటిని. ఆమె నవ్వి, "ఇప్పుడెందుకు బాబూ?" అని, తరువాత మెల్లగా చెప్పిరి. ఆ పేరు ఈ రేడియోలో చెప్పుటకు ఆమె ఒప్పుకొనలేదు గనుక నేను చెప్పను.

జారీ సంగతి ఇట్లు తీరినది. ఆనాటి ధరప్రకారము మూడేసి తులముల సొమ్ము మా అన్నగారికిని తమ్మునికిని ఇచ్చి, జారీని నేను ఉంచుకొంటిని. "వెండికి వెండి ధర ఇచ్చావు, ఆ పేరుకు ధర ఎవరికిస్తావురా?" అని మా అన్నగారు వేళాకోళము చేసిరి. ఆ సొమ్ముతోనే వారు వెండి కొని, మనవరాళ్లకు పట్టీలు మా ఆచారిగారిచేతనే చేయించిరి. మెఱుగు మాత్రము తల్లిగారే పట్టిరి. పట్టీ కొక్కెము లోపలివైపున తల్లిగారి పేరి మొదటి యక్షరము కొట్టుమని నేను ఆచారిగారిని అడిగితిని. "కొన్నవాళ్ల పేరు వేస్తారుగానీ చేసినవాళ్ల పేరు వేస్తారా పంతులుగారూ?" అని ఆయన సంకోచించిరి. మా అన్నగారే కలుగజేసికొని, "వెయ్యవయ్యా, మా పట్టీలకు మాకు లేని అభ్యంతరం నీకెందుకు?" అనిరి. ఆవగింజంత యక్షరము పడినది. ఆమె బొటనవ్రేలితో తడవి చూచికొని, ఏమియు అనక, పట్టీలను మరల గుడ్డతో తుడిచి మా చేతికిచ్చిరి.

గ్రామములలోని పెద్దలకు నా మనవి రెండు మాటలు. మీ యిండ్లలో పాతవెండి యుండును. పంపకములు వచ్చును, పెండ్లిండ్లు వచ్చును, అవసరములు వచ్చును, కరిగింపవద్దని నేననను. కరిగించుటకు ముందు ఒక్కమారు బోర్లించి చూడుడు. ముద్రలున్నచో తెలిసినవారికి చూపుడు. ఒక్కొక్కప్పుడు ఆ పాత్ర వెల వెండివెలకంటె హెచ్చుగా నుండును. ముద్రలు లేనిచో, ఇది ఏ యూరి కొలిమిలో, ఏ యింట చేసినదో తెలిసిన ముసలివారు బ్రదికియుండగానే అడిగి, ఇంటి లెక్కల పుస్తకములో ఒక పంక్తి వ్రాసి యుంచుడు. ఆ పంక్తిలో ఆ యింటి ఆడవారి పేర్లను మఱవకుడు.

మొన్నటి పండుగనాడు మా కోడలు ఆ జారీతోనే నేయి వడ్డించినది. ధార మునుపటివలెనే సన్నగా పడినది. భోజనములైన తరువాత మనవరాలు దానిని కడిగి, బోర్లించి, అడుగున ఉన్న అక్షరములను బిగ్గరగా చదివినది.